గునుగు పువ్వూ, గడ్డి మందూ

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, సంస్కృతి మీద రాయటానికి తెలుగు విద్యార్థులు బోలెడుమంది వుండగా వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుకునే నన్నెందుకు పట్టుకున్నారయ్యా అన్నాను. "నువ్వు పరకాల దిక్కువాడివి గదా! బతుకమ్మ మీద రాయి, రెండు పేజీలు వాటంతటవే నిండుతాయి" అన్నారు. నిండుతాయి, నిజమే. ప్రకృతి పండుగ, ఆడబిడ్డల పండుగ, ప్రపంచంలో పూలనే దేవతగా కొలిచే ఒకే ఒక్క పండుగ – ప్రతి యేడూ పత్రికలవాళ్లు రాసే ఈ మాటలు వరుసగా పేర్చుకుంటూ పోతే రెండు కాదు, నాలుగు పేజీలు కూడా నిండుతాయి. కాని మిత్రులారా, నేను రాయబోయేది ఒక కలుపు మొక్క గురించి. బతుకమ్మ దానితోపాటు తనంతట తానే వస్తుంది.

ఆ మొక్క గునుగు. పత్తి చేనులో, పల్లి చేనులో, గట్ల పొంటి, దున్నకుండా పడావు పెట్టిన చెలకల్లో ఎవరూ విత్తకుండానే మొలిచి, సెప్టెంబరు వచ్చేసరికి నడుమెత్తు పెరిగి, కొసన తెల్లటి కుచ్చు తీస్తుంది. కుచ్చు చివర లేత గులాబీ రంగు. మా పుస్తకంలో దాని పేరు సెలోసియా అర్జెంటియా, తోటకూర కుటుంబం. బంగళాల ముందు కుండీల్లో పెంచుకునే ఎర్రటి పట్టుకుచ్చుల పువ్వు కూడా ఈ జాతిదే. ఒకే జాతిలో ఒకటి కుండీలోకీ, ఒకటి కొడవలి కిందికీ పోయాయన్నమాట! కలుపు అంటే ఏమిటి అని పరీక్షలో అడిగితే "మనిషికి అక్కరలేని చోట మొలిచిన మొక్క" అని రాసి మార్కులు తెచ్చుకుంటాం. లేత గునుగాకును మా నాయనమ్మ కాలంలో కూర వండుకునేవాళ్లట. నైజీరియా దేశంలో యొరుబా ప్రజలు దీన్ని షోకో అని పిలిచి, కూరాకుగా మడులు కట్టి పెంచుకుంటారు. వాళ్లకు పంట, మాకు కలుపు, ఏడాదికి తొమ్మిది రోజులు మాత్రం దేవత. మొక్కకు ఇవేవీ తెలియవు పాపం.

మాది పరకాలకు ఆనుకొని వున్న చిన్న వూరు. పరకాల అంటే ఎక్కడని అడిగే మిత్రులకు – హన్మకొండ నుంచి బస్సెక్కి గూడెప్పాడ్ క్రాస్ రోడ్డు దగ్గర ములుగు దారి విడిచి, ఎడమకు మళ్లితే వస్తుంది. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయటానికి చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచి వచ్చిన రైతుల మీద నిజాం బలగాలు కాల్పులు జరిపింది అక్కడే. వాళ్ల పేర కట్టిన అమరధామం ఈనాటికీ వచ్చిపోయేవాళ్లను నిలబెట్టి చూపిస్తుంది. మాకు అయిదెకరాలు. మూడెకరాలు పత్తి, ఒక ఎకరం మిరప, చెరువు కింద ఒక ఎకరం వరి. ఇంట్లో బాపు, అవ్వ, నేను, చెల్లె. గోడ అవతలి గదిలో మా పెద్దవ్వ.

పెద్దవ్వ అంటే మా బాపు అన్నగారి భార్య. పెద్దబాపును నేను చూడలేదు. 1997-98 పత్తి సంవత్సరం సంగతి వరంగల్లు జిల్లా రైతు కుటుంబాల వాళ్లకు నేను చెప్పనక్కర లేదు. ఆ యేడు అకాల వానలు, లద్దె పురుగు, ఎన్ని మందులు కొట్టినా చావని పురుగు, మందుల అంగట్లో పెరిగిపోయిన బాకీ – అన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. పురుగు చావని మందుకు మనుషులు చచ్చిపోయారు. జిల్లాలో అట్లా పోయినవాళ్లలో మా పెద్దబాపు ఒకడు. పెద్దవ్వకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు, చంకలో ఒక ఆడపిల్ల. ఆ పిల్లను ఎట్లాగో పెంచి హుజురాబాదు దిక్కు ఇచ్చి పెళ్లి చేసింది. ఇప్పుడు ఒక్కతే వుంటుంది. బాపు "మాతోనే తినరాదా వదినె" అని అడిగినప్పుడల్లా, "చేతులు సల్లగుండనీ, నా కుండ నేను వండుకుంట" అంటుంది.

ఆమె కుండ వుడికించింది కలుపు కూలి. జూలై, ఆగస్టు నెలల్లో పత్తి చేన్లలో కలుపు తీయటం, శీతాకాలంలో పత్తి ఏరటం, ఎండాకాలంలో మిరపకాయ తెంపటం. దసరా ముందు మాత్రం ఆమెకు ఇంకొక చిన్న ఆదాయం వుండేది. తెల్లవారుజామునే లేచి గునుగూ, తంగేడూ కోసి, కట్టలు కట్టి, గంపలో పెట్టుకుని పరకాల అంగట్లో అమ్మేది. సద్దుల బతుకమ్మ ముందు రెండు రోజుల్లో వచ్చిన పైసలతో బిడ్డకు చీర, తనకు నువ్వులూ, బెల్లమూ కొనుక్కునేది. కూలికి పోయి కలుపు తీసేటప్పుడు కూడా గట్టు పొంటి వున్న గునుగును ఆమె పీకేది కాదు. పక్కవాళ్లను పీకనిచ్చేదీ కాదు. "వుండనీయుండ్రి, పండుగకు అక్కరకొస్తది" అనేది. ఆసామి గట్టు మీద కూర్చొని చూస్తూ వున్నా సరే.

మరి గడ్డి మందు వచ్చింది. మా వూళ్లో ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా ఒక తేదీ చెప్పలేను గాని, నేను హైస్కూలుకు పోయే నాటికి అందరి ఇళ్లల్లోనూ ఆ డబ్బాలు కనిపించేవి. పత్తి విత్తిన మూడు నాలుగు వారాలకు కొట్టేది సాధారణంగా రెండు మందుల కలగలుపు. అందులో క్విజాలోఫాప్ అనేది గడ్డి జాతి మొక్కల్ని చంపుతుంది. పైరిథియోబాక్ సోడియం అనేది వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. ఈ రెండోది మొక్కలో కొన్ని అమైనో ఆమ్లాలను తయారుచేసే ఒక ఎంజైమును ఆపేస్తుంది. పత్తి మొక్క ఆ మందును తనలో విరగ్గొట్టుకోగలదు కాబట్టి బతుకుతుంది, లేత గునుగు అట్లా చేయలేదు కాబట్టి పచ్చబడి, వాడి, చచ్చిపోతుంది. ఇది కాక గ్లైఫోసేటు వుంది. అది ఏ మొక్కనూ విడిచిపెట్టదు. 2022లో కేంద్ర ప్రభుత్వం దాని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. ఆంక్షలు ఢిల్లీలో పెడతారు, గడ్డి చేనులో మొలుస్తుంది – మధ్యలో ఏమి జరుగుతుందో పల్లెటూరి విద్యార్థులకు తెలుసు.

ఇక్కడ మా బాపును దుర్మార్గుడిగా చూపించాలని నా వుద్దేశం కాదు. ఆయన లెక్క ఆయనకుంది. మూడెకరాల పత్తికి మూడుసార్లు కలుపు తీయించాలంటే ప్రతిసారీ ఎకరానికి పది మంది ఆడకూలీలు కావాలి. మనిషికి మూడు వందల యాభై. అదీ మన చేను అదునుకు వాళ్లు దొరికితే! వాన పడ్డ మర్నాడు అందరి చేన్లూ ఒక్కసారే కలుపుకు వస్తాయి. ఆటో పెట్టి తీసుకురావాలి, పొద్దున చాయ్ పోయాలి. గడ్డి మందయితే ఒక మనిషి, ఒక పంపు, ఒక పూట. అన్న అప్పుల పాలై పోయినప్పుడు శవం పక్కన కూర్చున్న మనిషి ఆయన. పత్తి మీద పెట్టుబడి ఒక రూపాయి పెరిగితే ఆయనకు నిద్ర పట్టదు. కిందటేడు నేను ధైర్యం చేసి, గట్ల మీదన్నా మందు కొట్టొద్దు బాపూ, పెద్దవ్వకు పూలు దొరుకుతాయి అంటే, అన్నం ముద్ద కలుపుతూ తలెత్తకుండా అన్నాడు: "పండుగ తొమ్మిదొద్దులు. పత్తి ఆర్నెల్లు. దేన్ని సూసుకోవాల్నో సదువుకున్నోనివి నువ్వే చెప్పు."

నేను చెప్పలేదు. ఏమి చెప్పమంటారు?

పెద్దవ్వను అడిగితే ఆమె ఇంకా సూటిగా చెప్పింది: "మందు కొడితే కలుపొక్కటే సావలేదు కొడుకా, నా కూలి సుత సచ్చింది. పువ్వు సుత సచ్చింది. ఒక్క దెబ్బకు మూడు." అని నవ్వింది. ఆమె నవ్విందనే మాట రాయటానికి కూడా నాకు కొంచెం యిబ్బందిగానే వుంది.

కిందటేడు సద్దుల బతుకమ్మకు ముందు రోజు పొద్దున హాస్టలు నుంచి వెళ్లి, పెద్దవ్వను బండి మీద వెనక కూర్చోబెట్టుకొని పూలకు బయల్దేరాను. మా వూళ్లల్లో బతుకమ్మ ఆడేది ఆడవాళ్లే గాని, పువ్వు తెచ్చే పని మొగపిల్లలది. చిన్నప్పుడు మేము అయిదారుగురం సంచులు పట్టుకొని పోతే రెండు గంటల్లో నింపుకొని, మిగిలిన పొద్దంతా చెరువులో ఈత కొట్టి వచ్చేవాళ్లం. ఇప్పుడు మా చేను అద్దం లాగా వుంది. పక్క చేను అంతే. సాలు వెంట సాలు పత్తి, మధ్యన ఎర్రటి నేల, గడ్డి పరక లేదు. తంగేడు మాత్రం రోడ్డు పక్కన అక్కడక్కడ దొరికింది. తంగేడును పశువు ముట్టదు, ఎండకు లొంగదు. అందుకే కాబోలు తెలంగాణ ఏర్పడినప్పుడు దాన్నే రాష్ట్ర పుష్పం చేశారు. గునుగు కోసం గుట్ట దాకా పోయాం. లేదు. ఎండ ఎక్కింది. పెద్దవ్వ "ఇగ పోదాంపా, బంతితోటి ఎల్లదీసుకుందాం" అంటోంది. తిరిగి వస్తూ పరకాల దగ్గరకు వచ్చేసరికి, రోడ్డు పక్కన ఎవరిదో వెంచరు – ప్లాట్లు చేసి, తెల్ల సున్నం రాళ్లు పాతి, కమాను కట్టి, అమ్ముడుపోక వదిలేసిన జాగా. ఆ రాళ్ల మధ్య చూడండి, గునుగు! మనిషెత్తు, ఎకరాలకెకరాలు, గాలికి తెల్లగా వూగుతూ. దున్నేవాడు లేడు, మందు కొట్టేవాడు లేడు. వ్యవసాయం పోయిన నేల మీద మాత్రమే బతుకమ్మ పువ్వు మిగిలిందన్న సంగతి నాకు ఆ పూటే అర్థమైంది. పెద్దవ్వకు ఇవేవీ పట్టలేదు. కొంగు నడుముకు చుట్టి కొడవలి తీసింది.

పూలు తెచ్చాక ఇంటి పని వుంటుంది చూడండీ, అది తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. గునుగు కాడల్ని సమంగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, కొసలను రంగు నీళ్లలో ముంచుతారు. కొన్ని ఎరుపు, కొన్ని నీలం, కొన్ని తెలుపుగానే వదిలేస్తారు. ఇత్తడి తాంబాళం మీదనో, వెదురు సిబ్బి మీదనో గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు ఒక వరుస, దాని మీద గునుగు ఒక వరుస, బంతి ఒక వరుస, మళ్లీ గునుగు – ఇట్లా గుండ్రంగా పేర్చుకుంటూ, పోను పోను వలయం చిన్నది చేసుకుంటూ పైకి లేపుతారు. లోపలి బోలును కత్తిరించి పారేసిన కాడలతో, తంగేడాకుతో నింపుతారు. అందుకే అంత ఎత్తయినా కూలిపోదు. చిట్టచివర గుమ్మడి పువ్వు నడిమి దుద్దు, దాని పక్కన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. గునుగు వరుస లేకపోతే ఏమవుతుంది? బంతి బరువు పువ్వు, జారుతుంది. గునుగు కాడ గట్టిది, పొడుగుది. లోపలికి గుచ్చుకొని వరుసను పట్టి వుంచుతుంది. అందం సంగతి తర్వాత, అసలు అది గోడలో ఇటుకల మధ్య సున్నం లాంటిది. బంతి ఒక్కదానితో పేర్చిన బతుకమ్మను పెద్దవ్వ చూసి, "గిది బతుకమ్మ గాదు, పెండ్లిపిల్లగాని మెడల దండ" అంటుంది.

ఇక తిండి. తొమ్మిది రోజులకు తొమ్మిది పేర్లు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలు. తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరోనాడు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. వేపకాయలు, వెన్నముద్దలు, చివరికి సద్దులు. వేపకాయలంటే చేదు కాయలు కావు, ఆ ఆకారంలో పిండితో చేసి నూనెలో వేసినవి. పేర్లనుబట్టి చూస్తే పేదవాళ్ల ఇంట్లో ఏముంటే అదే నైవేద్యమని తెలిసిపోతుంది. సద్దుల నాడు పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, వీటితోపాటు మలీద. మలీద అంటే రొట్టెను బెల్లం వేసి నలిపి, నెయ్యి పోసి ముద్ద కట్టేది. పెసరపొడి, నువ్వులపొడి, పల్లిపొడి, మక్కపొడి చక్కెర కలిపి చేసే సత్తు సరేసరి. మాకు హాస్టల్లో పెట్టే సాంబారు గురించి ఇక్కడ రాయటం మర్యాద కాదు.

ఇక్కడొక చిన్న శాస్త్ర విషయం. మనది అనుకునే ఈ పళ్లెంలో చాలాభాగం మనది కాదు. మక్కజొన్న, పల్లి, గుమ్మడి, చివరికి బంతి పువ్వు – ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. 1492లో కొలంబసు ఓడ అటు పోకముందు మన నేల మీద వీటి జాడ లేదు. మిరపకాయ కూడా అంతే. మా వరంగల్లు చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుండ్రంగా వుంటుందని దాన్ని టమాట మిర్చి అని కూడా అంటారు. ఆ టమాటా కూడా పరాయిదే! బంతి సొంత దేశం మెక్సికో. అక్కడ నవంబరు మొదటి రెండు రోజుల్లో చచ్చిపోయినవాళ్లను తలుచుకుంటూ బంతిపూలతో దారులు పరుస్తారు, ఆ వాసన పట్టుకొని వాళ్లు ఇంటికి వస్తారని నమ్మకం. మన ఎంగిలిపూల నాడు కూడా పెత్రమాస, పెద్దలకు బియ్యమిచ్చే రోజు. పొద్దున మా ఇంట్లో పెద్దబాపు పేర బియ్యమిస్తారు, సాయంత్రం బతుకమ్మ మీద బంతి పెడతారు. ఎవరు ఎవరి నుంచి నేర్చుకున్నదీ కాదు. పువ్వొక్కటే సముద్రం దాటింది. వలస వచ్చిన నాలుగు మొక్కలు దేవత మీదికెక్కితే, ఇక్కడే పుట్టి పెరిగినట్టున్న గునుగు మాత్రం దిగిపోతోంది.

ప్రపంచంలో ఒకే ఒక్క పూల పండుగ అనే మాట కూడా నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఇటలీలో, రోము నగరానికి దగ్గర్లో జెంజానో అనే వూరుంది. 1778 నుంచీ అక్కడి జనం ఒక క్రైస్తవ పర్వానికి వీధినంతా పూరేకులతో బొమ్మలు పరుస్తారు. వాళ్లు ఎంతో శ్రమపడి పరిచిన ఆ పూల తివాచీని చివరికి ఏం చేస్తారనుకున్నారు? పిల్లల్ని వదులుతారు. పిల్లలు పై నుంచి పరుగెత్తుకొచ్చి తొక్కి చెరిపేస్తారు. మనం నీళ్లలో వదులుతాం. ఇటలీ మాట వచ్చింది గనుక ఇంకొక్కటి. నేపుల్సు నుంచి అమెరికా వలస పోయినవాళ్లు 1926లో న్యూయార్కు మల్బరీ వీధిలో తమ వూరి మహాత్ముడు సాన్ జెన్నారో పేర ఒక రోజు పండుగ పెట్టుకున్నారు. పాట, బాజా, తమ వంటలు, విగ్రహం వూరేగింపు. ఇప్పుడది పదకొండు రోజుల పండుగ. లక్షల జనం వస్తారు. కాని ఆ పేటలో కాపురముండే ఇటలీవాళ్లు మాత్రం బహు కొద్దిమంది. పిల్లలు చదువుకొని వేరే చోట్లకు పోయారు. పండుగ పెరిగింది, పేట పోయింది.

మా మేనబావ ఒకాయన డాలస్‌లో వుంటాడు. అక్కడి బతుకమ్మ వీడియో పంపించాడు. పెద్ద హాలు, వేలమంది, పట్టుచీరలు, ఎంత ఎత్తు బతుకమ్మలో! అంత దూరం పోయినా మరచిపోకుండా ఆడుతున్నారంటే నాకు నిజంగా సంతోషమే. "గునుగు ఎట్లా బావా?" అని అడిగితే, "ప్లాస్టిక్‌దిరా, ఇండియా నుంచే తెప్పిస్తం, ఏటేటా అదే వాడుకుంటం, వాడిపోదు" అన్నాడు. వాడికి దొరకదు గనుక ప్లాస్టిక్. మాకు పరకాలలో కూడా అదే గతి పడుతుందేమోనని నా భయం. కిందటేడు మా అంగట్లో ప్లాస్టిక్ గునుగు కట్టలు నేనే కళ్లారా చూశాను.

2014లో ఇది రాష్ట్ర పండుగ అయింది. 2016లో హైదరాబాదు ఎల్.బి. స్టేడియంలో తొమ్మిది వేల పైచిలుకు ఆడవాళ్లు ఒక్కసారి ఆడి గిన్నిసు పుస్తకానికెక్కారు. 2021లో దుబాయి బుర్జ్ ఖలీఫా గోడ మీద బతుకమ్మ బొమ్మ వెలిగింది. ఒకప్పుడు నగరంలో బతుకమ్మ ఎత్తుకొని రోడ్డు మీదికి రావటానికి సిగ్గుపడ్డ భాషవాళ్లం, యాసవాళ్లం మనం. అందుచేత ఈ గౌరవాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాని పాట సంగతి వేరు. మా వాడలో మూడేళ్లుగా డీజే పెట్టెలు వచ్చాయి. పెట్టె పాడుతుంటే ఆడవాళ్లు కోలలు పట్టుకొని గెంతుతారు, చప్పట్లు ఆగిపోయాయి. పాత పద్ధతిలో ఒకరు ముందు చరణం అందుకుంటారు, మిగతావాళ్లు "ఉయ్యాలో" అనో "చందమామ" అనో పలుకుతారు. ఆ ముందు అందుకునే మనిషికి వేల చరణాలు నోట్లో వుండాలి. మన జిల్లా దేవునూరులో పుట్టిన బిరుదురాజు రామరాజుగారు 1956లో ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నారంటే, పల్లెటూరి ఆడవాళ్ల నోట్లో వున్న ఆ సంపదే కారణం.

మా వాడలో ముందు అందుకునేది పెద్దవ్వ. కిందటేడు రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయి డీజే ఆగిపోయింది. ఒక్క నిమిషం నిశ్శబ్దం. తర్వాత చీకట్లోంచి ఆమె గొంతు లేచింది. ఆమె పాడేవాటిలో రామాయణం వుంది, చెరువు తెగిన కథ వుంది. చివర్లో ఎప్పుడూ ఒకటి పాడుతుంది, అది ఏ పుస్తకంలోనూ వుండదు. తెల్లబంగారం పండుతుందని పోయినవాడు, ఆకులు తినే పురుగును చంపబోయి తానే పురుగుమందైనాడని, చేనుకు పోయిన దారి తెలుసు గాని తిరిగొచ్చే దారి మరిచినాడని – ఇట్లాంటి భావం. ఎవరు కట్టారు పెద్దవ్వా అంటే "ఎవలు కట్టిన్రో, నోటికొచ్చింది" అంటుంది. చుట్టూ తిరిగే ఆడవాళ్లు వంగి చప్పట్లు కొడుతూ "ఉయ్యాలో" అంటున్నారు. మా బాపు గద్దె మీద కూర్చొని బీడీ ఆర్పేసుకుని నేల చూస్తున్నాడు.

ఆట అయి, చెరువులో బతుకమ్మలు వదిలాక, ముత్తయిదువలు ఒకరికొకరు పసుపు కుంకుమలిచ్చుకొని వాయినాలు పుచ్చుకుంటారు. అప్పుడు పెద్దవ్వ మెల్లగా పక్కకు జరిగి కట్ట మీద కూర్చుంటుంది. ఇరవై ఏడేళ్లుగా అక్కడే కూర్చుంటోంది. పువ్వు ఆమె తెచ్చింది, పేర్చింది ఆమె, పాట ఆమెది. పసుపు మాత్రం ఆమెది కాదు! ఇది ఏ శాస్త్రంలో వుందో, మా సిలబసులో అయితే లేదు. మా అవ్వ మాత్రం సత్తు పళ్లెం మొదట తీసుకుపోయి పెట్టేది ఆమెకే. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు.

చెరువు దగ్గర వుండగానే ఒక మాట చెప్పి పోతాను. బతుకమ్మ పూలు చెరువు నీళ్లను శుద్ధి చేస్తాయని పత్రికల్లో చదివి వుంటారు. గునుగు మొక్క నేలలోని కాడ్మియం, మాంగనీసు వంటి లోహాలను లాగి తనలో దాచుకుంటుందని చైనా శాస్త్రజ్ఞులు చూపించిన మాట నిజం. కాని అది నేలలో వేళ్లూని బతికివున్న మొక్క చేసే పని. కోసి తెచ్చిన పువ్వు చేసేది కాదు. నీళ్లలో పడిన ఏ పువ్వయినా కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ను వాడుకుంటుంది. నిండు చెరువుకు ఒక్క రాత్రి పువ్వు లెక్కలోకి రాదు, హానీ లేదు. పండుగకు విలువ కట్టటానికి మన దగ్గర వేరే కారణాలు చాలా వున్నాయి. తప్పు రసాయనశాస్త్రం అరువు తెచ్చుకోవలసిన పని లేదని నా అభిప్రాయం.

పండుగ అయ్యాక, ఆ వెంచరులో ఎండిన గునుగు కంకులు పెద్దవ్వ దులిపి తెచ్చింది. కొంగు ముడిలో పిడికెడు గింజలు – నల్లగా, నిగనిగలాడుతూ, ఆవగింజ కంటే చిన్నవి. "ఇవి మొలుస్తయా సూడు" అని నాకిచ్చింది. వేసవిలో మా ప్రయోగశాలలో లెక్చరరుగారి అనుమతితో వడపోత కాగితం తడిపి యాభై గింజలు వేశాను. వారానికి నలభై ఒకటి మొలిచాయి. జూన్ లో తొలకరి పడగానే ఆమె మిగతా గింజలు ఇసుకలో కలిపి, మా బావి దగ్గరి రెండు గుంటల పడావు జాగాలో, చెరువు కట్ట పొంటీ చల్లింది. బాపు మోటరు వేయటానికి వచ్చి చూసి, "కలుపుకు విత్తనం పెట్టెటోళ్లను నా జన్మల సూళ్లే" అని, కాసేపు నిలబడి, "గా బాయి దిక్కు ఆవును గట్టకుండ్రి మరి" అని వెళ్లిపోయాడు. చేనులో గడ్డి మందు మాత్రం ఎప్పటిలాగే కొట్టించాడు. పెద్దవ్వకు ఈ యేడూ కలుపు కూలి దొరకలేదు; పరకాలలో ఒక హోటలు వెనక గిన్నెలు తోమటానికి పోతోంది.

జూలైలో పడ్డ పెద్ద వానకు కట్ట మీద చల్లిన గింజలు చాలామటుకు కొట్టుకుపోయాయి. బావి దగ్గరివి నిలిచాయి. కిందటి ఆదివారం పోయినప్పుడు మోకాటి ఎత్తున్నాయి, ఇంకా కుచ్చు తీయలేదు. నేను నోటు పుస్తకంలో మొలక శాతం, మొక్కల ఎత్తు రాసుకుంటూ వుంటే పెద్దవ్వ పక్కన కూర్చొని, "గీ లెక్కలన్ని నాకెందుకు గని, ఎన్ని కట్టలైతయో చెప్పు" అంది. ఎనభై దాకా కావచ్చు అన్నాను. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంది. "ఇరువై కట్టలు మనింటికి, పది నా బిడ్డకు. కడమయి అంగడికి" అని లేచి, చీర దులుపుకొని, హోటలుకు పొద్దెక్కుతోందని పోయింది.